బంగారం కడిగే కాయ, తల కడిగే కాయ

కోలారు అనగానే అందరూ బంగారం గురించే రాస్తారు. నేను ఈసారి కుంకుడుకాయ గురించి రాస్తున్నాను. నవ్వకండి. కుంకుడుకాయకూ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన గనులు ఉన్నాయి, మన చెరువులు ఉన్నాయి, ఇంగ్లండు రాజుగారు కూడా ఉన్నారు.

ముందు బంగారంతోనే మొదలుపెడతాను. గనిలోంచి వచ్చిన రాయిని మిల్లులో పిండి చేసి, పాదరసంతోనూ ఆ తర్వాత సైనైడ్ నీళ్లతోనూ అందులోని బంగారాన్ని వేరు చేసేవాళ్లు. అన్ని విషాలు దాటుకుని వచ్చిన ఆ బంగారం నగ అయ్యి, కొన్నేళ్లు మెడలో ఉండి మాసిపోతే, ఆచారి దాన్ని దేనితో కడుగుతాడు? కుంకుడుకాయ రసంతో. గోరువెచ్చని కుంకుడు నీళ్లలో నగను నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దుతాడు. చెమట జిడ్డు, నూనె, పౌడరు అన్నీ వదిలిపోతాయి, బంగారం మాత్రం ఇంత కూడా అరగదు. పట్టుచీరలు కూడా ఈ రసంలోనే ఉతికేవాళ్లు. బంగారానికీ పట్టుకూ హాని చెయ్యని కాయ తలకు మాత్రం చేస్తుందా అని మా అవ్వ వాదన. ఈ వాదన పూర్తిగా సరైంది కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

మన జిల్లాలో ఒక్కో వీధికి మూడు నాలుగు భాషలు కదా, ఈ కాయకు కూడా అన్ని పేర్లు ఉన్నాయి. మనం కుంకుడుకాయ అంటాం. కన్నడంలో అంటువాళకాయి. తమిళంవాళ్లు పూందికొట్టై అంటారు. ఉర్దూ మాట్లాడే మా స్నేహితురాలి ఇంట్లో రీఠా. శీకాయ సంగతి అలా కాదు. మనం శీకాయ అన్నా, కన్నడంవాళ్లు సీగేకాయి అన్నా, తమిళంవాళ్లు సీయక్కాయ్ అన్నా వినడానికి ఒకటే మాటలాగా ఉంటుంది. ఏ భాష దగ్గర ఏ భాష నేర్చుకుందో గానీ అంగట్లో ఏ పేరుతో అడిగినా అదే పొట్లం కట్టి ఇస్తారు.

సైన్సులో కుంకుడు చెట్ల జాతి పేరు సాపిండస్. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త తన పుస్తకంలో ఈ పేరు వాడాడు. సపో అంటే లాటిన్‌లో సబ్బు, ఇండస్ అంటే ఇండియాది. అంటే 'ఇండియా సబ్బు'. ఇది చదవగానే నాకు చాలా గర్వంగా అనిపించింది. కానీ అమెరికా ఖండంలో కూడా ఇదే జాతి చెట్లు ఉన్నాయి, అక్కడి మూలవాసులు కూడా వాటి కాయలతో ఉతుక్కునేవాళ్లు, వాళ్లను కూడా యూరోపువాళ్లు ఇండియన్లు అనే పిలిచేవాళ్లు. కాబట్టి ఆ ఇండియా మన ఇండియానే అని పందెం కట్టకపోవడం మంచిది. మన దక్షిణాదిలో పెరిగే చెట్టు సాపిండస్ ట్రైఫోలియేటస్. హిమాలయాల వైపు పెరిగేది వేరే రకం.

ఇది ఎంత పాతది అంటే, హర్యానాలో బనావలి అనే చోట సింధు నాగరికత కాలం నాటి తవ్వకాల్లో ఉసిరి, కుంకుడు, శీకాయ కలిసిన అవశేషాలు దొరికాయని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పారు. నాలుగు వేల ఏళ్లకు పైమాటే. మన సోషల్ పుస్తకంలో సింధు నాగరికత పాఠంలో ఇటుకలు, మురుగు కాలువలు, మహా స్నానవాటిక అన్నీ ఉంటాయి. ఆ స్నానవాటికలో దిగినవాళ్లు తలకు ఏం రాసుకున్నారో మాత్రం ఉండదు. నాకైతే అదే ముందు తెలుసుకోవాలనిపిస్తుంది.

తెలుగులో 'తలంటు' అనే మాట ఒకటుంది. తలకు నూనె అంటి, నానబెట్టి, తర్వాత కుంకుడుకాయతోనో శీకాయతోనో ఆ జిడ్డు వదిలేలా రుద్ది పోసుకోవడం. ఇది ఒక్కరే చేసుకునే పని కాదు. దీపావళికి తెల్లవారకముందే, ఉగాది పొద్దున, పెళ్లికూతుర్ని చేసే రోజు, బాలింతకు, ఇలా ఎప్పుడూ ఒకరు కూర్చుంటే ఇంకొకరు పోస్తారు. కంట్లో పడితే మంట, ఏడుపు. మన తరగతిలో ఎవర్ని అడిగినా చిన్నప్పటి తలంటు అంటే ముందు గుర్తొచ్చేది ఆ కళ్ల మంటే.

ఇప్పుడు షాంపూ సంగతి. షాంపూ ఇంగ్లీషు మాట అనుకుంటాం కదా, కాదు. హిందీలో 'చాంపో' అంటే నొక్కు, పిసుకు అని అర్థం. తలకు నూనె పెట్టి మర్దన చేసే చంపీ అందులోదే. ఆ మాటను ఇంగ్లండులో వీధి వీధికీ తెలిసేలా చేసినవాడు మన దేశంవాడే. పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తిరిగి, తర్వాత ఐర్లండుకు వెళ్లిపోయి, 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేసిన మొదటి భారతీయుడు ఆయనే. 1810లో లండన్‌లో మన వంటల హోటలు పెట్టాడు. అది నష్టం వచ్చి చేతులెత్తేశాడు. తర్వాత బ్రైటన్ అనే సముద్రతీర ఊళ్లో మూలికల ఆవిరి స్నానం, మర్దన కలిపి ఒక స్నానశాల తెరిచాడు. దానికే షాంపూయింగ్ అని పేరు. నాలుగో జార్జి, ఆయన తర్వాత నాలుగో విలియం, ఇద్దరు రాజులూ ఆయన్ని తమ ఆస్థాన 'షాంపూయింగ్ సర్జన్'గా పెట్టుకున్నారు. 1851లో చనిపోయాడు.

గమనించండి, అప్పట్లో షాంపూ అంటే సీసా కాదు, చేతులు. ఆ మాట మెల్లగా మర్దన నుంచి తల కడగడానికి మారింది. 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ అనే మందుల షాపు ఆయన నీళ్లలో కలిపే షాంపూ పొడి అమ్మాడు. 1930ల్లో అమెరికాలో సబ్బు లేకుండా డిటర్జెంటుతో చేసిన షాంపూలు వచ్చాయి. మన దగ్గర్నుంచి మాట వెళ్లింది, వంద నూటయాభై ఏళ్లకు సీసాలో వేరే సరుకు పోసుకుని అదే పేరుతో తిరిగి వచ్చింది.

ఇదే కాలంలో మన కోలారులో ఏం జరిగిందో చూద్దాం. 1802లో జాన్ వారన్ అనే బ్రిటిష్ అధికారి సర్వే కోసం వచ్చి ఊరిగాం, మారికుప్పం వైపు ఊళ్లవాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. 1870ల్లో లవెల్ అనే పాత సైనికుడు మైసూరు సంస్థానం దగ్గర తవ్వడానికి అనుమతి తీసుకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే, అందుకే గబగబా చెప్పేశాను.

నాకు కావలసింది ఇంకొకటి. అంత మంది కూలీలు తలకు ఎలా పోసుకున్నారు? తమిళ జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ముందు తట్టి గుడిసెల్లో, తర్వాత వరసగా కట్టిన లైన్ల ఇళ్లలో ఉండేవాళ్లు. అటు దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. ఇటు ఒక్క గది ఇళ్లు, వీధి కొళాయి. మన దగ్గర ఏడాది పొడుగునా పారే నది లేదు. గనులకూ లైన్లకూ పాలారు మీది బేతమంగళం చెరువు నీళ్లే గొట్టాల్లో తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. అంత కింద రాయి 60 డిగ్రీలకు పైన కాలుతూ ఉంటుంది. ఆ వేడిలో రాతి పొడి, చెమట, నూనె కలిసి తలలో అట్టలాగా కట్టేది అని మా తాత చెప్పేవాడు. ఆయన గనిలో పని చేసినాయన. "సబ్బు ఎంత రుద్దినా బంక బంకగా ఉండేది పాపా, ఆదివారం మీ అవ్వ కుంకుడుకాయ కొడితేనే తల తేలికయ్యేది" అనేవాడు. సబ్బుతో బంక ఎందుకయిందో తాతకు తెలీదు. నాకు పదో తరగతి సైన్సు పాఠంలో తెలిసింది.

ఆ పాఠంలో సబ్బులు, డిటర్జెంట్లు ఉన్నాయి కదా. గట్టి నీళ్లలో, అంటే మనం ఉప్పు నీళ్లు అనేవాటిలో, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. సబ్బు వాటితో కలిసి నురగ రాకుండా తెల్లటి తెట్టు అవుతుంది. తలలో బంక అదే. కుంకుడుకాయలో నురగ తెప్పించేది సపోనిన్. దానికి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లను పట్టుకుంటుంది. సబ్బూ అంతే. కానీ సపోనిన్ కాల్షియంతో కలిసి అలా తెట్టు కట్టదు. మా సైన్సు సారును అడిగి ల్యాబులో చేసి చూశాను. నాలుగు పరీక్ష నాళికలు. రెండింట్లో మా వీధి బోరు నీళ్లు, రెండింట్లో పట్టిపెట్టిన వాన నీళ్లు. ఒక జతలో సబ్బు తురుము, ఒక జతలో కుంకుడు రసం. వాన నీళ్లలో రెండూ బాగా నురిగాయి. బోరు నీళ్లలో సబ్బు వేసింది పాలు విరిగినట్టు అయింది, కుంకుడుది మాత్రం నాళిక పైదాకా నురగ వచ్చింది. నీలి లిట్మస్ పెడితే కుంకుడు రసంలో ఎర్రగా మారింది. సబ్బు నీళ్లలో ఎర్ర లిట్మస్ నీలం అయింది. మన తల చర్మం కొంచెం ఆమ్లం వైపే ఉంటుందట, అందుకని కుంకుడు దానికి దగ్గర చుట్టం.

మన జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. ఎంత లోతుకు పోతే అంత ఉప్పు, ఫ్లోరైడు. కాబట్టి మా అవ్వ కాలానికంటే ఇప్పుడే మనకు ఈ కాయ ఎక్కువ అవసరం అని నాకనిపిస్తుంది. కానీ జరిగింది తిరగబడి జరిగింది.

అది ఎలాగంటే, 1983లో తమిళనాడు కడలూరులో సి.కె. రంగనాథన్ అనే ఆయన 15 వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. అంతకు ముందే వాళ్ల ఇంట్లోనే షాంపూను చిన్న సాచెట్‌లో పోసి అమ్మే ఆలోచన పుట్టింది. సీసా కొనలేనివాళ్లు ఒక్క స్నానానికి సరిపడా కొనుక్కోవచ్చు. పల్లెల్లో తల ఎలా కడగాలో చూపించి అమ్మారు, ఖాళీ సాచెట్లు తెస్తే కొత్తది ఉచితంగా ఇచ్చారు. తర్వాత అర్ధ రూపాయికి కూడా దొరికింది. దీన్ని నేను తప్పు పట్టను. ఆదివారం ఒక్కటే సెలవు ఉన్నామె కాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, పిసికి, వడగట్టి, ఆ తర్వాత వంట కూడా చెయ్యాలంటే ఎంత పని! పైగా కుంకుడుకాయకు నీళ్లు ఎక్కువ కావాలి. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే వీధిలో రెండు బకెట్లు అదనం అంటే మాటలా? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా ఊరివాళ్లు చాలామంది తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. మా నాన్న కూడా. ఆ టైములో కాయలు ఎవరు కొడతారు?

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతి నుంచి నాకు చుండు. గాలికాలంలో సైనైడ్ దిబ్బల మీద నుంచి దుమ్ము లేచి ఊరంతా పడుతుంది. 3 కోట్ల టన్నులకు పైగా ఉన్న మట్టి అది, పైన గడ్డి కూడా సరిగా మొలవదు. ఆ రోజు జడ విప్పితే చేతికి బూడిదలాగా వస్తుంది. నల్ల చున్నీ వేసుకుంటే భుజాల మీద తెల్లగా రాలేది. క్లాసులో ఒకరిద్దరు వెనక నుంచి ఊదేవాళ్లు. వాళ్ల పేర్లు రాయను. ఈ వ్యాసం వాళ్లూ చదువుతారు.

అందుకని వరసగా ఎనిమిది ఆదివారాలు అవ్వ చెప్పినట్టే చేశాను, ప్రతిసారీ నోటుబుక్కులో రాశాను. అవ్వ పద్ధతి ఇది. "పదహైదు కాయలు తీసుకో. రాతిమీద కొట్టి గింజ తీసెయ్. గింజతో కొడితే రసం చేదెక్కతాది. రాత్రే వేణ్ణీళ్లలో నానేస్తే పొద్దన్నే పిసకనీకి మెత్తగా ఉంటాది. గుడ్డలో వడగట్టల్ల, లేదంటే పిప్పి తలలో నిలస్తాది. ఉత్త కుంకుడు పోస్తే తల ఎండకపోతాది, రోంత శీకాయ పొడి, రోంత గంజి కలుపుకో." దానికి ముందు రోజు సాయంత్రం నానిన మెంతులు రుబ్బి తలకు పట్టించాలి.

మొదటి రెండు వారాలు పెద్ద తేడా లేదు. జుట్టు గడ్డిలాగా అయ్యింది, చిక్కు తీస్తే ఏడుపొచ్చింది. మూడో వారం గంజి ఎక్కువ కలిపాక బాగుంది. నాలుగో వారానికి దురద తగ్గింది, రాత్రి గోక్కోవడం లేదు. ఎనిమిదో వారానికి తెల్లగా రాలడం సగానికి సగం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. పట్టినన్ని వాన నీళ్లున్న వారం ఇంకా బాగుంది. కాబట్టి ఎంత భాగం కుంకుడు మహిమో, ఎంత భాగం నీళ్ల మహిమో, ఎంత భాగం గాలికాలం అయిపోవడమో తేల్చి చెప్పడం కష్టం. ఒక్క తలతో చేసిన పరీక్ష కదా.

ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ మా స్కూలుకు వచ్చినప్పుడు అడిగాను. చుండుకు మలసీజియా అనే ఒక రకం ఫంగస్ కారణమట, అది అందరి తలలోనూ ఉంటుందట, కొందరికి ఎక్కువైనప్పుడు పొట్టు రాలుతుందట. కుంకుడుతో జిడ్డు పోతే కొంత తగ్గుతుంది గానీ, తగ్గకపోతే ఫంగస్ మందు ఉన్న షాంపూ వాడాలని చెప్పింది. గుండ్రంగా జుట్టు రాలిపోయి మచ్చ పడితే మాత్రం అది చుండు కాదు, వెంటనే చూపించుకోవాలి. ఇది విని అవ్వ ఏమీ అనలేదు, కానీ మెంతుల డబ్బా కూడా తీసి లోపల పెట్టలేదు.

పాతది అంతా మంచిదే అంటే నేను ఒప్పుకోను. పేలకు కిరసనాయిలు రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గరికి వెళితే ప్రాణమే పోతుంది. కుంకుడు కూడా అమృతం కాదు. బంగారానికి హాని చెయ్యదు కాబట్టి తలకూ చెయ్యదు అన్న అవ్వ మాట ఇక్కడే తప్పుతుంది. బంగారానికి కళ్లు లేవు. కుంకుడు రసం కంట్లో పడితే ఎర్రగా వాచిపోతుంది, నోట్లోకి పోతే వాంతి అవుతుంది. అడవి ప్రాంతాల్లో ఇలాంటి కాయల రసం మడుగులో కలిపి చేపలు పట్టేవాళ్లు, ఎందుకంటే సపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది.

నురగ అంటే గుర్తొచ్చింది. బెంగళూరులో బెళ్లందూరు చెరువు మీద మంచు కొండల్లాగా నురగ లేచి రోడ్డు మీదికి ఎగిరిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఆ నురగలో ఎక్కువ భాగం ఇళ్లలో వాడిన డిటర్జెంట్లదే. ఆ ఊరి మురుగు నీళ్లను శుద్ధి చేసి మన జిల్లాలో వందకు పైగా చెరువులు నింపాలని కె.సి. వ్యాలీ పథకం పెట్టారు. 2018 జూన్‌లో మొదటి నీళ్లు నరసాపుర దగ్గర లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులో నీళ్లు చూసి జనం సంతోషపడ్డారు. జులైలో ఆ చెరువులో కూడా నురగ వచ్చింది. కొన్నాళ్లు నీళ్లు ఆపారు, గొడవ కోర్టుల దాకా పోయింది, తర్వాత మళ్లీ వదిలారు. ఇప్పుడు ఆ వైపు బావుల్లో నీళ్లు పైకి వచ్చాయని రైతులు అంటారు, ఆ నీళ్లు ఇంకా బాగా శుద్ధి చెయ్యాలని కూడా అంటారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. నాన్న పని చేసే ఊళ్లో ఎవరో తలకు పోసుకున్న షాంపూ, ఆయన రైల్లో ఇంటికి రాకముందే గొట్టంలో మన జిల్లాకు వచ్చేస్తుందన్నమాట.

మా అవ్వ మాత్రం తలంటు నీళ్లు కాలువలోకి పోనివ్వదు, బండ కింద నుంచి అరటిచెట్టు మొదట్లోకి దారి చేసింది. పిసికిన పిప్పితో ఇత్తడి చెంబులు తోముతుంది. ముందే తీసిపెట్టిన నల్ల గింజలు మా చెల్లెలివి, వామనగుంటలు ఆడడానికి. పోయిన వారం లెక్కపెడితే నూట పన్నెండు ఉన్నాయి.